తిరిగి వెళ్లిన ప్రతిపక్షం: తెలుగు ప్రాంతాల్లో ఓటరు నిరాశ, ఆర్థిక విధానం (1951–1973)

1957 సార్వత్రిక ఎన్నికల్లో తెనాలి లోక్‌సభ స్థానం నుంచి ఆచార్య ఎన్‌.జి. రంగా కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచారు. 1962లో అదే తెనాలిలో స్వతంత్ర పార్టీ అభ్యర్థిగా ఓడిపోయారు. ఈ అయిదేళ్లలో రైతు గురించి ఆయన చెప్పిన మాట మారలేదు. సొంత భూమిని సొంత కుటుంబంతో సాగు చేసుకునే రైతే దేశ ఆర్థిక వ్యవస్థకు ఆధారమని 1930వ దశకం నుంచీ ఆయన చెబుతూనే ఉన్నారు. మారినది ఆయన నిలబడిన పక్షం. సహకార వ్యవసాయం వస్తే భూమి పోతుందని భయపడి రైతులు కాంగ్రెసుకు దూరమవుతారని నాడు అనేకులు అంచనా వేశారు. రైతు నాయకుని సొంత గడ్డమీదనే ఆ అంచనా తప్పింది. ఎందుకు తప్పింది?

ఈ ప్రశ్నకు ఇంతవరకు ప్రధానంగా రెండు సమాధానాలు వినిపించాయి. మొదటిది కుల సమీకరణం. అమెరికన్ పరిశోధకుడు సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల మీద రాసిన వ్యాసం తర్వాత కోస్తా రాజకీయాలను రెండు భూస్వామ్య కులాల పోటీగా చదవటం పరిపాటి అయింది. రెండవది సిద్ధాంత వివరణ: ప్రజలు సోషలిజం వైపు ఉన్నారు గనుక స్వేచ్ఛా విపణిని కోరిన పార్టీని తిరస్కరించారని. ఈ రెంటిలోను ఓటరు లేడు. మొదటి దానిలో అతడు కులానికి ప్రతినిధి, రెండవ దానిలో సిద్ధాంతానికి ప్రతినిధి. ఒకసారి పాలకపక్షం మీద, మరొకసారి ప్రతిపక్షం మీద నమ్మకం పోగొట్టుకున్న మనిషిగా, ఆ అనుభవంతో మూడవసారి ఓటు వేసిన మనిషిగా అతణ్ణి చూడలేదు. ఆ చూపుతో 1951–1973 మధ్యకాలాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఓటరుకు పత్రాగారం ఉండదు. అతని మాట శాసనసభ చర్చల్లో ఎవరో ఒక సభ్యుని నోట, పత్రికలకు రాసిన లేఖల్లో, కోర్టు వ్యాజ్యాల్లో, అన్నిటికంటె ముఖ్యంగా వాడుక పదాల్లో మిగులుతుంది. ఆర్థిక విధానం తెలుగు గ్రామానికి ప్రణాళికా సంఘం నివేదికగా రాలేదు. కంట్రోలు, లెవీ, పర్మిటు, కోటా, బ్లాకు అనే మాటలుగా వచ్చింది. ఇవన్నీ ఇంగ్లీషు మాటలే అయినా రెండవ ప్రపంచ యుద్ధకాలం నుంచి పదేళ్లలో తెలుగు వ్యాకరణానికి లొంగిపోయాయి. ‘కంట్రోలు’ అన్నది ధరల అదుపు అనే అర్థాన్ని విడిచి, చౌకధరల దుకాణానికి, అక్కడ దొరికే బియ్యానికి పేరయింది. తెలంగాణ పల్లెల్లో నేటికీ ‘కంట్రోల్ బియ్యం’ అనే అంటారు. ‘లెవీ’ అన్నది కల్లంలోకి వచ్చిన అధికారి. హైదరాబాదు సంస్థానంలో యుద్ధకాలపు ధాన్యం లెవీ తెలంగాణ రైతాంగ పోరాటానికి ఒక తక్షణ కారణమైన సంగతి తెలిసినదే. ఒక విధానం పేరు తిట్టుగానో భయంగానో భాషలో స్థిరపడితే అది ప్రజాభిప్రాయానికి సాక్ష్యమే. భాషాచరిత్రకారులు ఈ పదావళిని ఆదానపదాల పట్టికల్లో చేర్చి వదిలేశారు, రాజకీయ చరిత్రకారులు అసలు పట్టించుకోలేదు.

కంట్రోలు నేర్పిన పాఠం

1951–52 ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు రాష్ట్ర శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. ఆంధ్ర జిల్లాల్లోని 140 స్థానాల్లో దానికి వచ్చినవి 40. కమ్యూనిస్టులకు 41 వచ్చాయి. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి తన సమీప బంధువు, కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. అప్పటికే టంగుటూరి ప్రకాశం కాంగ్రెసును వీడి ప్రజాపార్టీ వైపు నడిచారు. రంగా కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు. ప్రత్యేక రాష్ట్రం, నాయకుల ముఠాలు, కరువు వంటి కారణాలు ఎన్నో ఉన్నా, నాటి ప్రసంగాలన్నిటిలోనూ ఉమ్మడి ఫిర్యాదు ఆహార ధాన్యాల కంట్రోలే. మిగులు జిల్లాల రైతుకు అది తక్కువ ధరకు బలవంతపు అమ్మకం. పట్టణ కూలీకి చాలీచాలని రేషన్. ఇద్దరికీ మధ్య బ్లాకు వ్యాపారి.

దాని తర్వాత జరిగినది విచిత్రం. మెజారిటీ లేని కాంగ్రెసు 1952 ఏప్రిల్‌లో రాజాజీని ముఖ్యమంత్రిని చేసింది. జూన్‌లో ఆయన ఆహార ధాన్యాల కంట్రోలును ఎత్తివేశారు. ప్రతిపక్షాలు ఎన్నికల్లో కోరిన దానిని ఓడిన పాలకపక్షమే చేసి చూపింది. ఓటరు కోణం నుంచి చూస్తే ఇది చాలా లోతుగా దిగిన పాఠం: ప్రతిపక్షాన్ని గెలిపించటం అధికారం మార్చటానికి కాదు, అధికారంలో ఉన్నవారి చేత పని చేయించటానికి. రెండు దశాబ్దాల పాటు ఈ ప్రాంతంలో ప్రతిపక్షానికి పడిన ఓటును ఈ అర్థంలోనే చదవాలని నా అభిప్రాయం. దానిని సిద్ధాంత పరివర్తనగా చదివిన వారు, కమ్యూనిస్టులైనా స్వతంత్రులైనా, తర్వాతి ఎన్నికలో ఆశ్చర్యపోయారు.

1955: ఒకే కూటమిలో రెండు ఆర్థిక విధానాలు

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ప్రకాశం. రెండేళ్లు తిరగక ముందే కాంగ్రెసుకు వ్యతిరేకంగా ఓట్లడిగిన నాయకుడు కాంగ్రెసు బలంతో ముఖ్యమంత్రి కావటం మన చరిత్ర గ్రంథాల్లో ఆయన వ్యక్తిత్వానికి సంబంధించిన ఘట్టంగా వర్ణితమవుతుంది. ఆయనకు ఓటు వేసినవారి దృష్టిలో అది ఏమిటన్నది ఎవరూ అడగలేదు. ఆ మంత్రివర్గం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో, మద్యనిషేధం సమస్య మీద పడిపోయింది. గౌతు లచ్చన్న వంటివారికి మద్యనిషేధం నీతి సమస్య కాదు. తాటిచెట్టు మీద బతికే గీత కులాల జీవనోపాధి సమస్య. ప్రభుత్వం పడింది గాని నిషేధం వెంటనే పోలేదు. ఫిర్యాదు అక్కడే ఉండిపోయింది.

1955 ఫిబ్రవరి మధ్యంతర ఎన్నికల మీద మన సాహిత్య చరిత్రకారులు చాలా రాశారు. శ్రీశ్రీ కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగిన సంగతి, రచయితలు రెండు శిబిరాలుగా చీలిన సంగతి అందరికీ తెలుసు. ఆ ఎన్నికలోని ఆర్థిక వైరుధ్యం మాత్రం తగినంత చర్చకు రాలేదు. ఎన్నికలకు కొద్ది వారాల ముందు, జనవరిలో, ఆవడి మహాసభలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజాన్ని లక్ష్యంగా ప్రకటించింది. అదే కాంగ్రెసు ఆంధ్రలో భూమిగల రైతుల పక్షమైన కృషికార్ లోక్ పార్టీతో, ప్రజాపార్టీతో కలిసి ఐక్య కూటమిగా పోటీ చేసింది. 196 స్థానాల్లో కూటమికి 146 వచ్చాయి. వాటిలో కాంగ్రెసువి 119, కృషికార్ లోక్ పార్టీవి 22. కమ్యూనిస్టులకు ఓట్లలో సుమారు 31 శాతం దక్కినా స్థానాలు 15కు పడిపోయాయి.

కూటమికి ఓటు వేసిన రైతు ఆవడి తీర్మానానికి ఓటు వేశాడా, రంగాగారి రైతు స్వామ్యానికి ఓటు వేశాడా? రెండూ ఒకే గుంపు నుంచి వచ్చిన వాగ్దానాలు. కూటమి గెలిచిన తర్వాత కృషికార్ లోక్ పార్టీ విడిగా నిలవలేదు. రంగా కాంగ్రెసులోకి తిరిగి వెళ్లి, 1957లో తెనాలి నుంచి గెలిచి, పార్లమెంటులో ఆ పక్షానికి కార్యదర్శి అయ్యారు. ఇది మొదటి తిరుగు ప్రయాణం. రైతు పేరుతో ప్రత్యేకంగా పెట్టిన పార్టీ నాలుగేళ్లలో కనుమరుగైంది. 1962లో తెనాలి ఓటరు మనసులో ఈ జ్ఞాపకం ఉండి ఉండాలి. ఒకసారి పార్టీ పెట్టి వెనుదిరిగిన నాయకుడు రెండవసారి పార్టీ పెట్టినప్పుడు రైతు మొదట చూసేది సిద్ధాంతాన్ని కాదు. దీనిని అంకెలతో నిరూపించటం సాధ్యం కాదు. నియోజకవర్గ ఫలితం నుంచి వ్యక్తి మనసును ఊహించటంలో ఉన్న ప్రమాదం నాకు తెలుసు. అయినా కులం, సిద్ధాంతం అనే వివరణలకు కూడా ఇదే ప్రమాదం ఉందని మరచిపోరాదు.

నక్షత్రం గుర్తు

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మహాసభ సమష్టి సహకార వ్యవసాయాన్ని భావి వ్యవసాయ విధానంగా అంగీకరించింది. రంగా కాంగ్రెసుకు రాజీనామా చేశారు. జూన్‌లో మద్రాసులో కొత్త పార్టీ ప్రకటన వెలువడింది, ఆగస్టులో బొంబాయిలో సన్నాహక సమావేశం జరిగింది. అధ్యక్షుడు రంగా, ప్రధాన కార్యదర్శి మినూ మసానీ, పెద్దదిక్కు రాజాజీ. పర్మిట్–లైసెన్స్–కోటా రాజ్ అన్న మాటను దేశమంతటా ప్రచారంలోకి తెచ్చినది రాజాజీయే. 1952లో కంట్రోలు తీసిన ముఖ్యమంత్రి ఇప్పుడు ప్రతిపక్షానికి పెద్ద. ఆయనలో ఒక సుసంగతి కనిపిస్తుంది. కాని ఓటరు దృష్టిలో అదే ప్రశ్న కూడా: అధికారంలో ఉండి చేయగలిగినది బయట ఉండి ఎలా చేస్తారు?

స్వతంత్ర పార్టీ విమర్శలో బలం లేకపోలేదు. అనుమతుల మీద నడిచే ఆర్థిక వ్యవస్థలో అనుమతి ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య లంచం తప్పదని, చిన్నవాడు ఆ గుమ్మం దాటలేడని ఆ పార్టీ చెప్పినది తర్వాతి అనుభవం చాలా వరకు నిజం చేసింది. అయినా ఆ విమర్శ ఎవరి భాషలో సాగిందన్నది పరిశీలించాలి. బొంబాయి పారిశ్రామికునికి స్వేచ్ఛ అంటే లైసెన్సు లేకుండా యంత్రం పెట్టుకోవటం. బీహారులో రామగఢ్ రాజాకు, రాజస్థాన్‌లో జయపూర్ మహారాణి గాయత్రీదేవికి అది పాత ప్రాబల్యానికి రక్షణ. జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమాలతో పేరు తెచ్చుకున్న రంగా ఈ కూర్పుకు అధ్యక్షత వహించవలసి వచ్చింది. ఆయన నిడుబ్రోలులో నడిపిన రైతాంగ విద్యాలయంలో తయారైన కార్యకర్తలకు ఇది ఎంత ఇబ్బందో ఊహించవచ్చు.

డెల్టా రైతు పరిస్థితి వీరందరికంటె భిన్నం. అతని పొలానికి వచ్చే నీరు సర్కారు కాలువది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటిది, బెజవాడ ఆనకట్ట 1855 నాటిది. అతని తాతముత్తాతల సంపద అంతా రాజ్యం తవ్విన కాలువల వెంట పెరిగింది. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఆ రైతు రాజ్యం వెనక్కి తగ్గాలని కోరలేదు, ఇంకా ముందుకు రావాలని కోరాడు. అతనికి కావలసినది నీరు సర్కారుది, అప్పు సహకార సంఘానిది, ధర మాత్రం తనది. తర్కానికి ఇది అసంగతం. జీవితానికి కాదు. ప్రభుత్వ జోక్యాన్ని మొత్తంగా తిరస్కరించే పార్టీ గాని, మొత్తంగా సమర్థించే పార్టీ గాని ఈ కోరికను పట్టుకోలేకపోయాయి. 1957లో నాలుగు దక్షిణ రాష్ట్రాలను కలిపి బియ్యం మండలం ఏర్పాటు చేసినప్పుడు ఆంధ్ర మిగులుకు కేరళ, మద్రాసు మార్కెట్లు తెరిచి ఉన్నాయి. 1964లో ఒక్కొక్క రాష్ట్రాన్ని ఒక మండలం చేయటంతో ఆ దారి మూసుకుపోయింది. రైతుకు నిజంగా తగిలిన దెబ్బ ఇదీ. సమష్టి వ్యవసాయం ఏనాడూ పల్లెకు రాలేదు. ప్రతిపక్షం తన శక్తిలో పెద్ద భాగం రాని ప్రమాదం మీద ఖర్చు చేసిందన్న నిర్ణయానికి రాక తప్పదు.

1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలు వచ్చాయి. కమ్యూనిస్టులకు 51. తెనాలిలో ఓడిన రంగా, లోక్‌సభ మాజీ సభాపతి అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లటంతో ఖాళీ అయిన చిత్తూరు నుంచి ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు చేరారు.

శిస్తు, న్యాయస్థానం

ఎన్నికలు ముగిసిన ఏడాదే సంజీవరెడ్డి ప్రభుత్వం అదనపు భూమి శిస్తు, సెస్సు సవరణ చట్టం తెచ్చింది. మెట్ట భూములకు నేల సారంతో సంబంధం లేని కనీసపు రేటు పెట్టారు. మాగాణికి పంట దిగుబడిని బట్టి గాక, ఆ నీటి వనరు కింద ఉన్న ఆయకట్టు విస్తీర్ణాన్ని బట్టి రేటు కట్టారు. ఎకరాకు పది బస్తాలు పండే పొలమూ ఇరవై పండే పొలమూ ఒకటే కావటాన్ని రైతు అన్యాయం అన్నాడు. దీని మీద కమ్యూనిస్టులు, స్వతంత్రులు ఒకే గొంతుతో మాట్లాడారు. ఈ కాలంలో రెండు ప్రతిపక్షాలూ ఓటరు సొంత మాటలో మాట్లాడిన అరుదైన సందర్భం ఇదే.

సభలో సంఖ్యాబలం లేదు. రైతులు హైకోర్టుకు వెళ్లారు. హైకోర్టు చట్టం చెల్లదన్నది. రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేయగా 1967లో సుప్రీంకోర్టు సమానత్వపు హక్కుకు భంగమని, రైతుకు చెప్పుకునే అవకాశమైనా ఇవ్వలేదని ఆ అప్పీలును కొట్టివేసింది. తీర్పు ఇచ్చిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఓటుతో కానిది వ్యాజ్యంతో అయింది. ఆ సంవత్సరమే గోలక్‌నాథ్ కేసులో ఆస్తి హక్కుతో సహా ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించజాలదని తీర్పు చెప్పిన సుబ్బారావు, ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 విలువగల ఓట్లు రాగా ఆయనకు 3,63,971 వచ్చాయి. న్యాయపీఠం నుంచి నేరుగా రాజకీయ పోటీకి దిగటం సబబా అన్న చర్చ నాడే జరిగింది. ఇక్కడ గమనించవలసినది వేరు. రైతు ఫిర్యాదుకు సమాధానం దొరికిన చోటుకే ప్రతిపక్షం కూడా తన నాయకుణ్ణి వెతుక్కుంటూ వెళ్లింది. తన సొంత బలగం మీద దానికే నమ్మకం సడలిందనటానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

స్వతంత్ర, స్వతంత్రులు

1966 చివర విశాఖ ఉక్కు ఉద్యమం చెలరేగింది. కేంద్ర పెట్టుబడి ఎక్కడికి వెళ్లాలన్న ఆర్థిక విధాన ప్రశ్న వీధిలోకి వచ్చింది, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్రతిపక్ష శాసనసభ్యులు పెద్ద సంఖ్యలో రాజీనామాలు చేశారు. కొద్ది నెలలకే జరిగిన 1967 ఎన్నికల్లో దేశంలో అనేక రాష్ట్రాల్లో కాంగ్రెసు అధికారం కోల్పోయింది, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 287లో 165 స్థానాలతో నిలిచింది. లోక్‌సభలో 44 స్థానాలతో జాతీయ స్థాయిలో ప్రధాన ప్రతిపక్షమైన స్వతంత్ర పార్టీకి ఇక్కడి శాసనసభలో దక్కినవి 29. చీలిపోయిన కమ్యూనిస్టు పార్టీలు రెండూ కలిసి ఇరవై ప్రాంతాల్లో ఆగిపోయాయి. ఏ పార్టీకీ చెందనివారు మాత్రం అరవైకి పైగా గెలిచారు. విశాఖపట్నం లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన తెన్నేటి విశ్వనాథం కూడా అటువంటివారే.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కు ఉంది. పార్టీ పేరూ స్వతంత్ర, పార్టీ లేని అభ్యర్థి పేరూ స్వతంత్ర అభ్యర్థే. నాటి పత్రికల్లో ‘స్వతంత్ర అభ్యర్థి ఆధిక్యం’ అన్న వార్త చదివి అది ఎవరో తేల్చుకోలేక పరిశోధకుడు ఫలితాల పట్టిక వెతకవలసి వస్తుంది. ఈ తికమక భాషలోనిదే అయినా, ఓటరు మనసులోని విషయాన్ని సరిగ్గానే చెబుతున్నది. కాంగ్రెసు మీద కోపం ఉన్నవాడు పార్టీ స్వతంత్రులను దాటి పార్టీ లేని స్వతంత్రుల దగ్గరకు వెళ్లాడు. గెలిచిన వ్యక్తి రేపు పాలకపక్షంలో చేరతాడని అతనికి తెలియకపోలేదు. పార్టీయే తిరిగి వెళ్లేటప్పుడు వ్యక్తి వెళ్తే తప్పేమిటి? కనీసం ఊరికి రోడ్డు వస్తుంది.

ఆ తర్వాతి ఆరేళ్లలో ప్రతిపక్ష బల్లలు రెండు వైపుల నుంచీ ఖాళీ అయ్యాయి. 1969 మార్చిలో తరిమెల నాగిరెడ్డి శాసనసభ వల్ల ప్రజలకు ఒరిగేది లేదని ప్రకటించి రాజీనామా చేశారు. విదేశీ పెట్టుబడి గుప్పిట్లో దేశ ఆర్థిక వ్యవస్థ చిక్కుకుందన్న ఆయన విమర్శ శాసనసభలో గాక, కుట్ర కేసులో కోర్టు ముందు ఇచ్చిన ప్రకటనగా రూపొంది, ఆయన మరణానంతరం ‘తాకట్టులో భారతదేశం’గా గ్రంథస్థమైంది. మళ్లీ న్యాయస్థానమే వేదిక కావటం గమనార్హం. ఆ ఏడాదే తెలంగాణలో ఉద్యమం లేచింది. 1956 పెద్దమనుషుల ఒప్పందం అమలు, మిగులు ఆదాయం లెక్క, ముల్కీ ఉద్యోగాలు దాని ప్రధానాంశాలు. మూడింటిలో రెండు నేరుగా ఆర్థిక విషయాలు. మిగులు నిధుల లెక్క తేల్చటానికి జస్టిస్ భార్గవ సంఘం ఏర్పడింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ గాలి దేశమంతా వీచినా, తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. అంత స్పష్టమైన ప్రతిపక్ష తీర్పు తెలుగు నేలమీద అంతకు ముందు లేదు. ఆరు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరులో, ముఖ్యమంత్రి మార్పు ఒప్పందంతో ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయింది. కాసు బ్రహ్మానందరెడ్డి స్థానంలో పి.వి. నరసింహారావు వచ్చారు. ఓటరు లెక్క అడిగాడు, అతనికి ముఖ్యమంత్రి మార్పు ఇచ్చారు. ఇది రెండవ తిరుగు ప్రయాణం.

మూడవది రంగాగారిదే. 1971లో స్వతంత్ర పార్టీ దేశమంతటా 8 స్థానాలకు పడిపోయింది. శ్రీకాకుళంలో ఆయనా ఓడిపోయారు. కొద్దికాలానికే తిరిగి కాంగ్రెసులో చేరారు. బ్యాంకుల జాతీయకరణ చేసిన, భూపరిమితి చట్టాన్ని మరింత బిగించబోతున్న కాంగ్రెసు అది. 1959లో ఆయన ఏ విధానాల మీద బయటికి వచ్చారో అవి ఈ పదేళ్లలో మెత్తబడలేదు, గట్టిపడ్డాయి. ఆయన శిష్యుడు లచ్చన్న వెంట వెళ్లలేదు. 1974లో స్వతంత్ర పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసినప్పుడు లచ్చన్న ఆ వైపే నిలిచారు. గురుశిష్యుల ఈ విడిపోవటం మీద సమగ్రమైన పరిశోధన రావలసి ఉంది. గీత కులాల నాయకునికి పార్టీ అవసరమై, భూమిగల రైతుల నాయకునికి అవసరం లేకపోవటానికి కారణం వారి వ్యక్తిత్వాల్లో కంటె వారి వెనుక ఉన్న జనంలో వెతకాలి.

1972 శాసనసభలో కాంగ్రెసుకు 219 స్థానాలు. స్వతంత్ర పార్టీ దాదాపు లేకుండా పోయింది. పార్టీ లేని సభ్యులు మాత్రం యాభైకి పైగానే ఉన్నారు. 1980లోను, 1984లోను, 1989లోను గుంటూరు లోక్‌సభ స్థానం నుంచి రంగా కాంగ్రెసు అభ్యర్థిగానే గెలిచారు. 1984లో తెలుగుదేశం ప్రభంజనం ముందు కాంగ్రెసు అభ్యర్థులు వరుసగా పడిపోయిన రోజున కూడా, తెనాలి పక్కనే ఉన్న గుంటూరు రైతు ఎనభై నాలుగేళ్ల రంగాగారిని గెలిపించాడు.